కాలు కాలు లెక్కనే ఉందని రాయి

ఆమె నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఆమెకూ నవ్వు వచ్చేదని మొన్న బాన్సువాడ బస్టాండు ఎదుట కొత్తగా తెరిచిన మందుల దుకాణంలో తెలిసింది. బీపీ గోలీల కోసం నిలబడి ఉంటే, దుకాణదారు తల వెనక గోడకు ఒక క్యాలెండరు కనిపించింది. నున్నటి కాగితం, ఖరీదైన అచ్చు. ఆ నెల బొమ్మలో ఆమె ఉంది. చేతిలో బచ్చాల పళ్లెం, బొబ్బట్లను మావైపు అలాగే అంటాం. ముఖం కొంచెం పక్కకు తిప్పి, పళ్లు కనిపించేలా నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాల్లో ఒక ఫౌండేషన్ పేరు, దాని కింద "ఊరి ఆరోగ్యం ఊరి చేతుల్లోనే" అని ఒక వాక్యం. ఆమె పేరు ఎక్కడా లేదు.

"ఈ ఫోటోల ఉన్నది ఎవరో ఎర్కేనా?" అని అడిగాను.

అతను వెనక్కి తిరిగి చూసి, "ఎవరో అవ్వ సార్. మోడల్ కావచ్చు. మంచిగుంది గద" అన్నాడు.

నెల అయిపోయాక ఆ కాగితం నాకివ్వమన్నాను. "మొత్తం తీస్కపో సార్. ఊకెనే ఇచ్చి పోయిండ్రు, ఇంకొకటి ఉన్నది" అంటూ మేకు నుంచి తీసి, చుట్టి నా చేతిలో పెట్టాడు. చనిపోయిన మనిషిని చంకలో పెట్టుకొని ఇంటికి నడిచాను.

నేను కూడా ఇక్కడ ఆమె పేరు రాయడం లేదు. కారణం వేరు. తన పేరు కాగితం మీదికెక్కడం ఆమెకు గిట్టేది కాదు. ఫౌండేషన్ పేరు రాయకపోవడానికి కారణం ఇంకా వేరు. వాళ్ల పేరు ఇప్పటికే మందుల దుకాణం దాకా వచ్చింది. నా చేతి మీదుగా ఇంకొక గజం ముందుకు పోవడం నాకిష్టం లేదు.

ఆమె సర్కారు దవాఖానలో నర్సుగా చేసి దిగిపోయిన మనిషి. నేను సహకార సంఘంలో గుమస్తాగా చేసి దిగిపోయినవాణ్ణి. ఊళ్లో కొందరు పెద్దమనుషుల సంతకాలు తీసుకొని ఒక సొసైటీ పెట్టాం. సంతకాలు పెట్టినవాళ్లు మళ్లీ ఆ గడప తొక్కలేదు. పని చేసింది ఆమె, రాసింది నేను. ఆ పని ఒక్కటే. షుగర్ ఉన్నవాళ్ల కాలిపుండ్లకు కట్టు కట్టడం.

ఇదేం పెద్ద పని అని అడిగినవాళ్లు ఉన్నారు. వాళ్లందరి ముఖాలూ నాకు గుర్తున్నాయి. మా చుట్టుపక్కల కాలువ కింద వరి. నాట్లప్పుడూ కలుపులప్పుడూ ఆడవాళ్లు పొద్దంతా బురదలో ఉంటారు. షుగర్ ముదిరితే పాదానికి స్పర్శ పోతుంది. గాజుపెంకు దిగినా, ముల్లు విరిగినా తెలియదు. నొప్పి లేదు గనక చూసుకోరు. చూసుకునేసరికి వాసన వస్తుంది. ఆ తర్వాత ముందు వేలు పోతుంది, వేలు తర్వాత పాదం, అటు తర్వాత మోకాలు. కాలు పోయిన కూలిమనిషికి ఇంకేం మిగులుతుందో నేను చెప్పక్కర్లేదు.

మేమందరం ఆమెను అక్క అనేవాళ్లం. ఆమె మాత్రం ఎవరినీ వరసపెట్టి పిలవలేదు, పేరుతోనూ పిలవలేదు. ఊరి పేరుతో పిలిచేది. "ఓ రుద్రూర్, కాలు ముందటికి పెట్టు." "ఓ పిట్లం, నీ వంతు ఇంక రాలే, కూసో." ఒకే ఊరినుంచి ఇద్దరొస్తే ఒకరు పిట్లం, రెండోవారు చిన్న పిట్లం. చిన్న పిట్లం డెబ్బై దాటిన ముసలాయన, అయినా పలికేవాడు. నన్ను మాత్రం "సెక్రెట్రీ" అనేది. కొత్తవాళ్లకు ఆ మాటలో గౌరవం వినిపించేది. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పే గొంతుతో ఆమె ఆ మాట అంటుందని నాకొక్కడికే తెలుసు.

పాత కూరగాయల మార్కెట్టు పక్కన ఉండేది మా గది. దాని యజమాని, ఎప్పటికైనా బయటినుంచి ఏదో ఒక గ్రాంటు వస్తుంది, అప్పుడు కిరాయి తీసుకుంటానని ఊరికే ఇచ్చాడు. ఆ గదిలో అద్దాలన్నీ నేలమీదే ఉండేవి. గోడకు ఒక్కటీ లేదు. వచ్చినవాళ్లు పీట మీద కూర్చుని, అద్దం మీదుగా కాలెత్తి తమ అరికాలు తాము చూసుకోవాలి. ఇంటికి పోయేటప్పుడు ఒక చిన్న అద్దం ఇచ్చి పంపేది. ఎవరైనా దాన్ని ఎత్తి బొట్టు సరిచేసుకున్నారో, అయిపోయారే. "ముఖాన్ని ఊరంత చూస్తది. అరికాలును ఎవ్వలు చూస్తరు?" అనేది.

చెప్పుల సంగతి ఇంకా చెప్పాలి. గది బయట విడిచిన చెప్పులను ఆమె ఒక్కొక్కటే ఎత్తి, లోపల చెయ్యి పెట్టి తడిమేది. మేకు తేలినా, అంచు తెగి గరుకుగా తగిలినా, ఆ చెప్పు రోడ్డు మీద పడేది. ఇంటికెట్లా పోవాలని వాళ్లు మొత్తుకుంటే, మూలనున్న మెత్తటి చెప్పుల సంచీని గడ్డంతో చూపించేది. వేలు పెట్టి చూపడం ఆమెకు అలవాటు లేదు, ఏదైనా గడ్డంతోనే. నా చెప్పులు కూడా ఒకసారి రోడ్డు మీద పడ్డాయి. కూరగాయలమ్మేవాళ్లు చూస్తుండగా వెళ్లి ఏరుకొచ్చుకున్నాను. నాకు షుగర్ లేదని చెప్పాను.

"వస్తది" అన్నది.

కట్టు విప్పగానే ఆమె ఆ పాత గుడ్డను ముక్కు దగ్గరికి తీసుకునేది. పుండు ఎంత లోపలికి పోయిందో వాసనే చెప్తుందట. అప్పుడు ఎదురుగా ఉన్న మనిషి తన కాలు చూసుకునేది కాదు, అక్క ముఖం చూసేది. ఆ ముఖంలో కనుబొమ్మ కదిలినా గుండె జారిపోతుంది. అందుకని ఆమె ముఖాన్ని కదలకుండా కట్టేసుకుంది. ఏళ్లతరబడి అలా కట్టేసి ఉంచడం వల్ల విప్పడం మరచిపోయిందని అనుకునేవాణ్ణి. అయ్యాక మోచేతుల దాకా చేతులు కడిగి, తుడుచుకోకుండా పైకెత్తి పట్టుకొని నిలబడేది. నీళ్లు కారిపోయేదాకా ఎవరూ ఆమెను పలకరించకూడదు.

ఆ గది ఆమె పింఛను మీద, కొందరి చందాల మీద నడిచేది. అది ఎంతకాలమో నడవదని నాకు తెలుసు. ఆ ఫౌండేషన్‌కు గ్రాంటు దరఖాస్తు పెడదామన్నది నేనే. దరఖాస్తు రాయడమంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్తున్నాను. అది మన బాధను వాళ్ల మాటల్లోకి మార్చి, వాళ్లకే తిరిగి అప్పజెప్పడం. సహకార సంఘంలో ఎన్నో ఫారాలు నింపాను, కానీ వాటిలో ఎరువు బస్తాకు ఎరువు బస్తా అనే రాసేవాళ్లం. ఇక్కడ కాలికి కాలు అని రాయకూడదు. మా పిట్లం, మా రుద్రూర్ అంతా కలిసి "లక్షిత సమూహం" అయ్యారు. ఆమె చెయ్యి "జోక్యం" అయింది. అన్నిటికన్నా కింద ఒక గడి ఉండేది. మీ జోక్యం వల్ల వచ్చిన మార్పును వివరించండి.

దానికేం రాయాలని అడిగాను. అప్పుడామె కత్తెరను వేడినీళ్లలో వేస్తోంది.

"మార్పు ఏంది సెక్రెట్రీ? మార్పు రాకుండ చూసుడే గద మన పని. కాలు కాలు లెక్కనే ఉందని రాయి."

"గట్ల రాస్తే ఏం చేసినట్టు అనిపియ్యది అక్కా."

"ఏం కాలే. గదే చేసినం."

ఆ మాట ఇప్పటికీ నాకు ముల్లులా ఉంటుంది, ఎందుకంటే అది నిజం. ఆ నిజం పట్టే గడి ఫారంలో లేదు. నేను వేరేగా రాశాను. సాధికారత, అవగాహన, ఇంకా ఏవో. చదివి వినిపిస్తే, పక్కన కట్టు కట్టించుకుంటున్నవాళ్ల ముందు, "పెండ్లి పత్రిక మంచిగ రాసినవ్. పెండ్లి పిల్ల పేరు మర్చిపోయినవ్" అన్నది. రుద్రూర్, చిన్న పిట్లం ఇద్దరూ నవ్వారు. వాళ్ల కాళ్ల కోసమే నేను ఆ పత్రిక రాశానని వాళ్లకు తట్టలేదు.

ఫోటోల దగ్గర ఇంకొక గొడవ. పుండు ముందెట్లా ఉంది, తర్వాత ఎట్లా ఉంది, రెండూ ఫోటో తీసి పెట్టాలని నియమం. నేను ఫోను తీసేసరికి ఆమె ఆ కాలి మీద తువ్వాల కప్పింది.

"మీ ఇంట్ల ఎవ్వలకన్న పుండైతే ఫోటో తీసి గోడకు పెట్టుకుంటవా?"

పెట్టుకోనని ఒప్పుకున్నాను. ఫోటోలు లేకుండానే దరఖాస్తు పోయింది. ఆశ్చర్యంగా, మొదటి వడపోతలో నిలిచింది. నన్ను హైదరాబాదులో ఒక హోటల్లో జరిగిన శిక్షణకు పిలిచారు. అక్కడ రంగు కాగితాల మీద మా కల రాసి గోడకు అతికించమన్నారు. అతికించాను. తిరిగొచ్చి చెప్తే, "రాలిపోయిందా, ఉన్నదా?" అని అడిగింది. ఆ తర్వాత ఫోను వచ్చింది. ఫౌండేషన్ నుంచి మేడం స్వయంగా వచ్చి చూస్తుంది. చూసి నచ్చితే మూడేళ్లపాటు గది నడుస్తుంది, కట్టుగుడ్డలకూ మందులకూ లోటుండదు, ఊళ్లకు తిరగడానికి ఒక బండి కూడా వస్తుంది. నచ్చకపోతే, చెప్పేదేముంది.

ఆ కబురు ఎట్లా పాకిందో పాకింది. నేను చెప్పింది ఒకటే, "ఎప్పటిలెక్కనే రాండ్రి" అని. మా వాళ్లకు అర్థమైంది ఇంకొకటి. పట్నం నుంచి సుట్టాలొస్తున్నారని. సుట్టాలొస్తే మాసిన చీర కట్టుకోకూడదు, ఇంట్లో బాధ చెప్పుకోకూడదు, ఉన్నదంతా వాళ్ల ముందు పెట్టాలి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఇక్కడ పుట్టినవాళ్లకు నేర్పాల్సిన పనిలేదు.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున నేను వెళ్లేసరికి గది ముందు షామియానా వేసి ఉంది. ఫంక్షన్ హాలు నుంచి ఎర్ర మెత్తల సోఫాలు తెచ్చారు. ఒకరు బియ్యం, ఒకరు బెల్లం, ఒకరు నెయ్యి. రుద్రూర్ కూతురి పెళ్లినాటి పట్టుచీర కట్టుకొచ్చింది. చిన్న పిట్లం గడ్డం గీయించుకొని కొత్త ధోవతిలో కూర్చున్నాడు. అందరి కాళ్లకూ తెల్లటి సాక్సులు. బడిపిల్లలు తొడుక్కునేవి, సంతలో కొన్నవి. పొద్దున్నే అక్క అందరికీ కొత్త కట్లు కట్టి, వాటి మీద ఆ సాక్సులు తొడిగించింది.

"ఇదేంది అక్కా? పుండ్లు చూడతందుకు వస్తున్నరు వాళ్లు."

"అన్నం తినే కాడ పుండ్లు ఎందుకు సెక్రెట్రీ? తిన్నంక చూస్తరు."

వెనక కట్టెల పొయ్యి దగ్గర సాయవ్వ బచ్చాలు కాలుస్తోంది. అక్క పిలుపులో ఆమె "పెద్ద కొడప్‌గల్". ఈ ఒక్క మనిషి పేరు రాస్తున్నాను, ఎందుకంటే రాయమని ఆమే చెప్పింది. అందరిలోకీ లోతైన పుండు ఆమెది. కుడిపాదం కింద, బొటనవేలి మొదట్లో. ఆ కాలి మీదే తెల్లవారినప్పటి నుంచి నిలబడి పిండి కలిపింది, పూర్ణం రుబ్బింది, కాల్చింది. కూర్చొమ్మని నేనంటే, "నొప్పి లేదు సారు" అన్నది. ఆ నిలబడ్డం వల్లనే ఆ తర్వాత జరిగింది జరిగిందని నేననను. డాక్టరును కాను. కానీ మరచిపోను కూడా.

మేడం కారు దిగింది. వెంట ఒక ఫోటోగ్రాఫరు. నేను ఆమెను చెడ్డమనిషి అనలేను. మెత్తగా మాట్లాడింది, చెప్పులు బయటే విడిచింది, అందరికీ దండం పెట్టింది. చెడ్డమనిషి అయ్యుంటే నా పని సులువయ్యేది. సోఫాలో కూర్చోబెట్టారు. కొబ్బరినీళ్లు, ఆ వెంటనే మజ్జిగ. ఆమె సాయవ్వను దగ్గరకు పిలిచి అడిగింది.

"కాలు ఎలా ఉందమ్మా? నొప్పి ఏమైనా ఉందా?"

"లేదు బిడ్డ. మంచిగనే ఉన్న. ఎండల వడి వచ్చిండ్రు, ముందుగాల తినుండ్రి."

"పనికి వెళ్లగలుగుతున్నారా?"

"పోకుంటెట్ల బిడ్డ? మొన్ననే కలుపుకు పోయొచ్చిన."

"అంటే ఇబ్బంది ఏమీ లేదన్నమాట."

"మీ దయ."

మేడం తల ఊపి ఏదో రాసుకుంది. అప్పుడు నేను లేచాను. నొప్పి లేకపోవడమే ఆ రోగమని చెప్పడానికి లేచాను. నొప్పి ఉన్నవాళ్లు మా గదికి రారు, దవాఖానకు పోతారు. నొప్పి లేనివాళ్ల కోసమే ఆ గది ఉందని, అక్కడున్న అందరిలోకీ నొప్పి తెలియని ఆ మనిషికే కాలు పోయేలా ఉందని చెప్పాలి. "మేడం, నొప్పి లేకపోవడమే..." అన్నాను.

"సెక్రెట్రీ" అన్నది అక్క. "నీళ్లు సల్లగ లేవు. పోయి సల్లటియి పట్టుకరా."

అందరూ నా వైపు చూశారు. మేడం కూడా చూసింది. నీళ్లు తెచ్చే మనిషి మాట్లాడబోయాడనుకుంది కాబోలు, మర్యాదగా చూపు తిప్పుకుంది. నేను దరఖాస్తు రాసినవాణ్ణి, ఆ మేడంతో ఎన్నోసార్లు ఫోనులో మాట్లాడినవాణ్ణి, బిందె పట్టుకొని మార్కెట్టు మూల దాకా పోయాను. క్యాలెండరు మీది ఫోటో ఆ సమయంలోనే తీసి ఉంటారు. ఆమె నవ్వింది నేను లేనప్పుడన్నమాట.

తిరిగి వచ్చేసరికి విస్తళ్లు వేశారు. మేడం తిన్నది. వద్దంటున్నా ఇంకొక బచ్చం, ఇంకొక గరిటె నెయ్యి. "పుండ్లు ఒకసారి చూడొచ్చా?" అని ఆమె అడగనే అడిగింది. "తిన్నంక" అన్నది అక్క. తిన్నాక డ్రైవరు వచ్చి, బోధన్‌లో ఇంకొక సంస్థవాళ్లు ఎదురుచూస్తున్నారన్నాడు. మేడం అందరికీ మళ్లీ దండం పెట్టింది. సాయవ్వ బచ్చాలు మూటగట్టి కారులో పెట్టింది. కారు పోయింది. ఒక్క సాక్సు కూడా కిందికి దిగలేదు.

తొలకరి పడ్డాక మెయిల్ వచ్చింది. గదిలో నిలబడే చదివి వినిపించాను. అవసరం తగినంతగా కనిపించలేదు. సమాజం దగ్గర వనరులు బాగానే ఉన్నట్టు గమనించాం. మీ ఆతిథ్యానికి కృతజ్ఞతలు.

ఆమె సాయవ్వ కాలికి కట్టు కడుతోంది. ముడి వేసి, చేతులు కడుక్కొని, సాయవ్వను బస్సుకు పంపింది. నేనే మొదలుపెట్టాను.

"మేడం అడిగినప్పుడు నీవన్న చెప్పాలె. లేకుంటే నన్నన్న చెప్పనియ్యాలె. ఇద్దరిల ఎవ్వలం చెప్పకపోతిమి."

"పెద్ద కొడప్‌గల్ మంచిగున్న అన్నది. ఆమె అన్నంక నేను గాదంటే ఆమె మాట ఏమైతది? గంతమంది ముందట ఆమె అబద్ధమాడినట్టు గాదా?"

"అయితే కానీ. కాలు ఉంటది గద."

"ఇజ్జత్ లేని కాలు ఏడికి నడుస్తది సెక్రెట్రీ?"

"ఏడికన్న నడుస్తది. కాలు లేని ఇజ్జత్ ఏడికి నడుస్తది?"

ఆమె లేచి చేతులు కడుక్కుంది. అప్పుడే కడిగిన చేతులు. అవి ఆరేదాకా నేను నిలబడలేదు, ఇంటికొచ్చేశాను.

ఊరుకునే మనిషిని కాను గనక ఫౌండేషన్‌కు రాశాను. మళ్లీ వచ్చి, ఈసారి ముందు కాళ్లు చూడమని రాశాను. మీ సందేశం మాకు అందింది అని జవాబు వచ్చింది. మళ్లీ రాశాను, అదే జవాబు మళ్లీ అందింది. ఇంకొక జిల్లాలో ఒక సంస్థవాళ్లు రోగులను చాపల మీద పడుకోబెట్టి, ఈగలు తోలకుండా చూపించారనీ, వాళ్లకు గ్రాంటు వచ్చిందనీ తర్వాత విన్నాను. వాళ్లను తప్పుపట్టను. వాళ్లకు ఫారం అర్థమైంది. అడిగే చెయ్యి ఎంత వణికితే ఇచ్చే చేతికి అంత నమ్మకం. మా వాళ్లు చెయ్యి చాపలేదు, వడ్డించారు. వడ్డించిన చేతిలో ఎవరూ ఏమీ పెట్టరు.

గ్రాంటు రాదని తెలిశాక గది యజమాని గది అడిగాడు. అందులో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, గోడలనిండా అద్దాలే. అక్క తన ఇంటి వసారాలో కట్లు కట్టడం మొదలుపెట్టింది. ఊళ్లోవాళ్లు కొందరు వచ్చారు. పై ఊళ్లవాళ్లు రాలేదు. గది వేరు, ఇల్లు వేరు. పొయ్యి వెలిగే ఇంటికి పుండు పట్టుకొని ఎట్లా పోతామని సాయవ్వ ఆగిపోయింది. అప్పుడే వానాకాలం నాట్లు. నొప్పి లేదు గనక నాట్లకు పోయింది. దసరా తర్వాత పెద్ద దవాఖానలో మోకాలి కింది దాకా తీసేశారు.

ఆ కబురు అక్కకు చెప్పింది నేనే. ఆమె ఇంటి మెట్ల మీద నిలబడి చెప్పాను, లోపలికి పోలేదు. నా మాట నిజమైందని అనాలని పోయాను, దాచుకోవడం ఎందుకు. ఆమె విన్నది. ముఖంలో ఏదీ కదల్లేదు. "కుట్లు ఎండినయా?" అని అడిగింది. అంతే.

ఆ తర్వాత వారం వారం ఆమెను బస్టాండులో చూసేవాణ్ణి. ఒళ్లో కట్టుగుడ్డల సంచీ పెట్టుకొని, ఆడవాళ్ల బెంచీ చివర కూర్చునేది. పిట్లం దాకా ఒక బస్సు, అక్కడ దిగి పెద్ద కొడప్‌గల్‌కు ఇంకొకటి. పోయిన కాలికి కట్టు కట్టడానికీ, ఉన్న కాలును చూడ్డానికీ. ఒకసారి ఎదురుపడ్డాం. ఇప్పుడన్నా ఒక మాట అంటుందేమోనని ఆగాను. నీవు చెప్పిందే నిజం అనక్కర్లేదు, ఆ రోజు నీళ్లకు పంపకుండా ఉండాల్సింది అంటే చాలు.

"పిట్లం బస్సు పోయిందా సెక్రెట్రీ?" అన్నది.

పోలేదన్నాను.

పోయిన వానాకాలంలో ఆమె నిద్రలో పోయింది. సంతాపసభ పెట్టారు. సెల్‌ఫోన్ల దుకాణానికి గది ఇచ్చిన యజమాని ఫోటోకు దండ వేసి, ఆమె చిరునవ్వు మరువలేమన్నాడు. "ఎవలి నవ్వు?" అని వెనకనుంచి నేను అడిగాను. దుఃఖంలో ఉన్నానని పక్కవాళ్లు కూర్చోబెట్టారు. వేదిక మీదికి నన్ను పిలవలేదు. సొసైటీకి నేను సెక్రెట్రీని.

క్యాలెండరు ఇంటికి తెచ్చిన రోజే ఫౌండేషన్‌కు ఫోను చేశాను. ఎత్తిన అమ్మాయికి నేను ఎందుకు చేశానో చివరిదాకా అర్థం కాలేదు. "థాంక్యూ సర్, ఆ ఫోటో చాలామందికి నచ్చింది" అన్నది. ఆ ఫోటోలో మనిషికి మీరు ఏమిచ్చారని అడిగాను. "కొత్త విడత దరఖాస్తులు తెరుస్తున్నాం సర్, మీరూ తప్పకుండా అప్లై చేయండి" అన్నది.

వాళ్లు చూపించనిది చూడలేదు. ఆమె చూపించనివ్వలేదు. ఇద్దరిలో ఎవరిని క్షమించాలో తేల్చుకోమంటే నేను ఇద్దరినీ క్షమించను. కానీ వాళ్ల క్యాలెండరును పొయ్యిలో వేద్దామని విప్పితే చెయ్యి రాలేదు. కాల్చేది వాళ్ల కాగితమే, కాలేది ఈమె. అందుకని మరునాడు బస్సెక్కి పెద్ద కొడప్‌గల్ వెళ్లాను.

సాయవ్వ వసారాలో చాట ముందు పెట్టుకొని బీడీలు చుడుతోంది. ఉన్న కాలు ముందుకు చాపుకొని ఉంది. ఆ పాదం కింద చిన్న అద్దం, మా గదిలోదే.

కాగితం విప్పి చూపించాను. చేతులు చీరకు తుడుచుకొని, అందుకొని చాలాసేపు చూసింది.

"అగో, అక్క. నవ్వుతున్నది సూడు సారు."

"నువ్వు చూసినవా, ఆమె నవ్వంగ?"

"గా దినమే చూసిన. బచ్చాలు మంచిగైనయి పెద్ద కొడప్‌గల్, అని నవ్వింది. నువ్వు నీళ్లకు పోయినవ్." మళ్లీ కాగితం వైపు చూసి, "గివి నేను చేసినయే" అన్నది.

గోడకు కొట్టమంది. కొట్టే ముందు అడగాలనిపించింది. "ఆమె మీద కోపం లేదా నీకు?"

"ఎందుకుంటది సారు? వారం వారం వచ్చేది. ఒకపారి కట్టు కట్టుకుంట, గా దినం సాక్సు తియ్యాల్సి ఉండె అన్నది. నాతోటి కాదు, కాలుతోటి అన్నది."

నాతో అనని మాట అది. మేకు వంకరగా దిగింది. తీసి మళ్లీ కొట్టాను. అక్క గోడమీద నవ్వుతూ నిలబడింది, కింద ఫౌండేషన్ పేరుతో సహా. సాయవ్వ చాట ముందుకు లాక్కొని, ఆకులో తంబాకు వేసి చుట్టడం మొదలుపెట్టింది.

"మేడం మల్ల వస్తదా సారు?"

"రాదు సాయవ్వా."

"వస్తే నాకు కబురు చెయ్యి." దారం చుట్టి తెంపింది. "ఈపారి ముందుగాల కాలు చూపిస్త. అటెన్క బచ్చాలు పెడ్త."